ఆయిల్ నిండుగానే ఉంది

శవం మీద కప్పిన దుప్పటి వాళ్ళ లాండ్రీలో ఉతికిందే.

మూలన ఎర్ర దారంతో మూడు కుట్లు. ఆసుపత్రి బట్టలు వేరేవాళ్ళ బట్టల్లో కలిసిపోకుండా లాండ్రీ ఆవిడే వేసే గుర్తు. ఆ మూలని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఆమె మార్చురీలో భర్త పక్కన నిలబడి ఉంది. ఏడవడం లేదు.

టైమ్ మధ్యాహ్నం ఒంటిగంట పది.

"లాండ్రీ ఆవిడ మీరేనా?"

ఆమె తల తిప్పింది. గుమ్మంలో యాభై దాటిన ఒకావిడ. ఖాకీ చొక్కా. మోచేతుల దగ్గర గ్రీజు మరకలు. తాడుతో మెడలో వేలాడుతున్న కళ్ళజోడు. చంకలో మడిచిపెట్టిన గోనెపట్టా.

"నేను బ్రేకు ఇన్‌స్పెక్టర్ని. యాక్సిడెంట్ అయిన బళ్ళని చూసి రిపోర్టు రాయడం నా పని. మీ పికప్ గురించి నాలుగు మాటలు అడగాలి."

"యాక్సిడెంటా? ఎస్సైగారు హత్య అన్నారుగా."

"ఆయన అన్నారు. నేనింకా అనలేదు."

బయట వరండాలో బెంచీ ఉంది. ఇన్‌స్పెక్టర్ ఆమెని తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

జరిగింది ఫైల్లో ఉంది. లాండ్రీ ఒక భవనం కింది సెల్లార్లో. వీధిలోకి ఎక్కడానికి ఏటవాలు ర్యాంపు. ఉదయం ఆరింటికి ఆటోమేటిక్ గేర్ల పికప్‌ని ర్యాంపు మీదకి వెనక్కి దించారు. మూతి వీధి వైపు. తోక గోడ వైపు. ఇస్త్రీ గది తలుపు ర్యాంపు పక్కనే. అందులోంచి ఆసుపత్రి మూటలు ఎక్కించారు. లాండ్రీ ఆయన బండి వెనక నిలబడి తాడు బిగిస్తున్నాడు. స్టీరింగ్ దగ్గర ఆయన బావమరిది. ఆరు నలభైకి ఇంజన్ గట్టిగా అరిచింది. బండి ముందుకి పోలేదు. వెనక్కి వచ్చింది. బండికీ గోడకీ మధ్య నాలుగు అడుగులు.

ఏడు ఇరవై ఐదుకి ఆసుపత్రిలో ప్రాణం పోయింది. ఎనిమిదింటికి బావమరిది లాకప్‌లో ఉన్నాడు.

"మీ తమ్ముడేమంటున్నాడో తెలుసా?"

"తెలుసు. లీవర్ డిలో, ముందుకి పోయే గేర్లోనే పెట్టాడట. గేరు పట్టుకోలేదట. వారం నుంచీ ఇదే పాట మేడమ్."

"నిజమే కావచ్చుగా."

"ఎలా అవుతుంది? ఆయిల్ నిండుగానే ఉంది. గేరు ఆయిల్ రోజూ నేనే చూస్తాను. ఇవాళ ఐదున్నరకి కూడా చూశాను. ఎస్సైగారు అడిగితే అదే చెప్పాను. అబద్ధం ఎలా చెప్పను?"

ఆమె మార్చురీ తలుపు వైపు చూసింది.

"అమ్మ పోయేటప్పటికి వాడికి నాలుగేళ్ళు. నా పెళ్ళికి వాడి బట్టలు కూడా నా పెట్టెలోనే సర్దుకొచ్చాను. ఆయన ఒక్కమాట అనలేదు. కొడుకులా చూశారు. ఇప్పుడు ఒకళ్ళు ఈ గదిలో, ఒకళ్ళు ఆ లాకప్ గదిలో."

"మీకేమనిపిస్తోంది?"

"అదే తెలియట్లేదు! వాడే చంపుంటే ఈయన మొహం చూసే అర్హత నాకు లేదు. ఆ పాముని ఇంట్లో పెట్టి పాలు పోసింది నేను. వాడు చంపకపోతే, వాణ్ణి లోపల కూర్చోబెట్టింది నా నోటి మాట. ఏదో ఒకటి తేల్చండి మేడమ్. మీ కాళ్ళు పట్టుకుంటాను. తేలాక ఏడుస్తాను."

నిజంగానే కిందకి వంగింది. ఇన్‌స్పెక్టర్ ఆమె భుజాలు పట్టుకుని ఆపింది.

*

స్టేషన్. ఒకటీ నలభై.

పికప్ ఆవరణలో ఉంది. ఇన్‌స్పెక్టర్ పదకొండింటికే దాన్ని ఒకసారి నడిపి చూసింది. బ్రేకులు బాగున్నాయి. హ్యాండ్ బ్రేకు బాగుంది. డిలో పెడితే ముందుకి, ఆర్‌లో పెడితే వెనక్కి, చెప్పినట్టు వింది.

ఫారం టేబుల్ మీద ఉంది. 'యాంత్రిక లోపం: ఉంది / లేదు.' ఒకటి కొట్టేసి సంతకం పెట్టాలి. ఇంకా పెట్టలేదు.

"మేడమ్, నాలుగున్నరకి వాణ్ణి కోర్టులో పెట్టాలి," అన్నాడు ఎస్సై. "లేదు అని ఒక్క ముక్క రాసి సంతకం పడేయండి."

"రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజన్ ఒక్క క్షణం ఉత్తినే అరిచింది. తర్వాత కుదుపుతో పట్టుకుంది."

"పాత బండి. మెట్లెక్కితే నాకూ ఆయాసం వస్తుంది. అది కూడా లోపమేనా?"

"మీకు లోపమే. డాక్టర్‌కి చూపించుకోండి."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకున్నాడు. ఎస్సై ఆపుకోలేదు. తర్వాత మూడు వేళ్ళు చూపించాడు.

"ఒకటి, పొద్దున ఆరుంపావుకి బావతో గొడవ. 'నీ ప్రాణం తీస్తా' అన్నాడు. ఎదురింటి టైలర్ సాక్ష్యం. రెండు, ఇంజన్ అరుస్తూ బండి వెనక్కొచ్చింది. డిలో ఉన్న బండి యాక్సిలరేటర్ తొక్కితే వెనక్కి రాదు. రివర్స్‌లో పెట్టాడు. మూడు, గేరు చెడిందన్న కథ. ఆయిల్ నిండుగా ఉందని సొంత అక్కే రాసిచ్చింది. ఇంకేం కావాలి?"

"వాణ్ణి ఒకసారి చూడాలి."

తమ్ముడు లాకప్‌లో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఇరవై ఏడేళ్ళు. బావని ఎత్తుకున్నప్పటి రక్తం చొక్కా మీద ఎండి అట్టకట్టింది.

"లీవర్ ఎక్కడ పెట్టావు?"

"డిలో."

"ఖాయంగా?"

"డిలోనే."

"తర్వాత?"

"హ్యాండ్ బ్రేకు దించాను. కాలు బ్రేకు మీంచి తీసి యాక్సిలరేటర్ తొక్కాను. ఇంజన్ అరిచింది. బండి వెనక్కి జారింది."

"బ్రేకు తొక్కలేదేం?"

"వారం నుంచీ ఇంతే మేడమ్. కాసేపు అరిచి అప్పుడు పట్టుకుంటుంది. ఇప్పుడూ పట్టుకుంటుందిలే అని ఇంకా తొక్కాను." వాడు చొక్కా మీది అట్టని గోరుతో గీకాడు. "తాడు బిగించడం అయిపోయిందని బావ బండి వెనక డాలా తలుపు మీద రెండుసార్లు తట్టాడు. పక్కకి వచ్చేశాడనుకున్నాను."

"గొడవ దేనికి?"

"దీనికే. మెకానిక్‌కి చూపిద్దాం బావా, ఈ బండి ఎప్పుడో నీ ప్రాణం తీస్తుంది అన్నాను. రెండు పెడళ్ళ బండి కూడా తోలలేకపోతే ఎలారా అని నవ్వాడు."

"మెకానిక్ దాకా ఎందుకు? ఆయిల్ తగ్గిందేమో చూడలేకపోయావా?"

వాడు ఠక్కున తలెత్తాడు. మళ్ళీ దించేశాడు.

"ఆయిల్ సంగతి వదిలేయండి."

"ఏం?"

"అది నేనే చూస్తాను. నిండుగానే ఉంది."

"మీ అక్క తనే చూస్తానని రాసిచ్చింది."

"అక్క ఏదో అంటుంది. నేనే చూస్తాను. అలాగే రాసుకోండి."

"నిన్ను బయట పడేసేది ఏదైనా ఉంటే అదొక్కటే. దాన్నే వద్దంటావేం?"

"వదిలేయండి మేడమ్. దణ్ణం పెడతాను."

ఇన్‌స్పెక్టర్ బయటికి నడిచింది. ఒకే ఆయిల్‌ని ఇద్దరూ నేను చూస్తానంటే నేను చూస్తానంటున్నారు. ఇద్దరిలో ఒకళ్ళది అబద్ధం. ఆ అబద్ధం వల్ల వీడికి వచ్చేది ఉరితాడే.

*

రెండూ ఇరవై. టైలర్ షాపు.

"చెవులు బాగానే పనిచేస్తాయమ్మా. కళ్ళే, సూదిలో దారం ఎక్కించనివ్వవు," అన్నాడు టైలర్, ఆమె అడక్కముందే.

"పొద్దున గొడవలో కుర్రాడు ఏమన్నాడు?"

"నీ ప్రాణం తీస్తా అన్నాడు."

"తీస్తా అన్నాడా, తీస్తుంది అన్నాడా?"

"ఆఁ?"

"నేను తీస్తానన్నాడా? బండి తీస్తుందన్నాడా?"

టైలర్ కాలు మెషిన్ మీద ఆగిపోయింది.

"'నీ ప్రాణం తీస్...' దాకా విన్నానమ్మా. అంతలో మెషిన్ తొక్కాను."

"మరి మిగతాది?"

"రాసుకున్న కానిస్టేబుల్ బాబు పూర్తిచేశాడు. నేను కాదనలేదు. పెద్దవాళ్ళు రాస్తుంటే మధ్యలో మనమెందుకని."

ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసుకుని తెరిచింది.

"ఆ బండి రివర్స్ వచ్చేటప్పుడు ఏదైనా కూత వస్తుందా?"

"అయ్యో, రాకేం! కీక్ కీక్ మని వీధంతా లేస్తుంది. పొద్దున్నే ఆరింటికి ర్యాంపు దించేటప్పుడు అదే నాకు అలారం. మా మనవరాలు దానికి డాన్స్ కూడా చేస్తుంది."

"ఇవాళ ఆరింటికి వచ్చిందా?"

"వచ్చింది."

"ఆరు నలభైకి?"

టైలర్ చేతిలో కత్తెర కింద పెట్టాడు.

"ఇంజన్ అరిచిందమ్మా. తర్వాత ఆ కేక విన్నాను. ఇంకా చెవుల్లోనే ఉంది. కానీ కూత... లేదు. కూత రాలేదు."

ఆమె అక్కడి నుంచే ఎస్సైకి ఫోన్ చేసింది.

"రివర్స్ కాకపోతే న్యూట్రల్," అన్నాడతను వెంటనే. "న్యూట్రల్‌లో వదిలేసి ఇంజన్ అరిపించాడు. ఎలా వదిలినా పోయిన మనిషి పోయాడు. టైమ్ చూసుకోండి మేడమ్."

"చూసుకుంటున్నాను. బండిని ఇక్కడికి పంపండి. మీరూ రండి. ఆసుపత్రి నుంచి ఆమెని కూడా తీసుకురండి."

"ఆమెనా? ఇవాళ్టి రోజునా? మీకు మనసెలా ఒప్పింది?"

"ఒప్పలేదు. తీసుకురండి."

పికప్ రాత్రిపూట నిలిపే చోటు టైలర్ షాపు పక్కనే. ఇన్‌స్పెక్టర్ గోనెపట్టా పరుచుకుని మోకాళ్ళ మీద వంగింది. రోడ్డు మీద అరచెయ్యంత మరక. ఎర్రటి జిడ్డు. దాని మీద దుమ్ము. దుమ్ము మీద మళ్ళీ జిడ్డు. పొరలు పొరలుగా.

ఒక్కరోజులో అయిన మరక కాదు.

*

మూడూ ఐదు.

పికప్ వీధిలో సమంగా ఉన్న చోట నిలబడింది. ఎస్సై, కానిస్టేబుల్, టైలర్. లాండ్రీ ఆవిడ జీపు దిగింది. ర్యాంపు వైపు చూడలేదు. కింద గోడని ఎవరో కడిగారు. తడి ఇంకా ఆరలేదు.

"అమ్మా, గేరు ఆయిల్ రోజూ ఎలా చూస్తారో ఇప్పుడూ అలాగే చూడండి. ఏదీ మార్చకండి."

"ఇంజన్ ఆపించండి," అంది ఆమె.

కానిస్టేబుల్ ఆపాడు. ఆమె కాసేపు ఆగింది. బానెట్ ఎత్తి కమ్మీ ఆనించింది. నడుముకి దోపుకున్న తెల్ల గుడ్డ తీసింది. ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్, లాగి శుభ్రంగా తుడిచింది. లోపలికి దించి మళ్ళీ లాగింది. అంత బాధలోనూ ఆ చేతులు పని మర్చిపోలేదు.

పై గీత దాకా ఎర్రగా ఆయిల్.

"చూశారుగా," అంది. "నిండుగానే ఉంది. వాడు అబద్ధమే చెప్పాడు."

ఎస్సై గట్టిగా ఊపిరి వదిలాడు. "ఇంక కోర్టుకి పోదామా మేడమ్?"

"ఇలా చూడటం ఎవరు నేర్పారమ్మా?" అంది ఇన్‌స్పెక్టర్.

"ఆయనే. పాత బండికి పదకొండేళ్ళు ఇలాగే చూశాను. ఇంజన్ ఆపి, ఆయిల్ కిందకి దిగాక చూడమనేవారు. దానికి ఒకటే పుల్ల. మూడు నెలల కిందట ఇది కొన్నాం. దీనికి రెండు. ఇంజన్‌కొకటి, గేరుకొకటి. రెండూ చూస్తాను."

"రెండూ ఒకేలా?"

"ఆఁ. ఒకేలా."

ఇన్‌స్పెక్టర్ కళ్ళజోడు పెట్టుకుంది. కానిస్టేబుల్‌ని స్టార్ట్ చేయమంది. బ్రేకు మీద కాలు ఉంచి, లీవర్‌ని అన్ని స్థానాలకీ జరిపి మళ్ళీ పార్కింగ్ పి లోకి తెమ్మంది.

"ఇంజన్ ఆపకండి. అమ్మా, ఇప్పుడు చూడండి."

ఆమె తుడిచి దించింది. లాగింది.

పుల్ల చివర ఒక్క బొట్టు.

మళ్ళీ తుడిచింది. మళ్ళీ దించింది. లాగింది. ఈసారి ఆ బొట్టు కూడా సరిగ్గా లేదు. తెల్ల గుడ్డ తెల్లగానే ఉంది.

"ఇదేంటి," అంది. "ఇప్పుడే కదా... ఇదేంటి మేడమ్?"

ఇన్‌స్పెక్టర్ ఎస్సైకి చెప్పింది. లాండ్రీ ఆవిడ మొహం చూస్తూ చెప్పడం తన వల్ల కాలేదు.

"మామూలు ఇంజన్ ఆయిల్ బండి ఆపి చూడాలి. ఆటోమేటిక్ గేరు ఆయిల్ చాలా బళ్ళకి ఇంజన్ తిరుగుతుండగానే చూడాలి. ఇందులో గేర్లని కదిపేది ఆయిల్ ప్రెషరే. ఇంజన్ ఆపితే పైనున్న ఆయిల్ అంతా కింది తొట్టిలోకి దిగిపోతుంది. ఉన్నది సగమైనా పుల్లకి నిండుగా అంటుతుంది. ముందువైపు చల్లబరిచే పైపు అతుకు దగ్గర చుక్కచుక్కగా కారుతోంది. మరక అక్కడుంది, చూడండి. వారాల నాటిది."

"మరి స్టేషన్‌లో బాగానే నడిచిందిగా?"

"మీ ఆవరణ చదును. చదునులో ఆ కాస్త ఆయిలూ పంపుకి అందింది. అందుకే మూడో గేరు దగ్గర ఒక్క అరుపుతో సరిపెట్టింది. మూతి పైకెత్తి నిలబెడితే ఆయిల్ వెనక్కి పోతుంది. పంపు గాలి పీలుస్తుంది. లీవర్ డిలోనే ఉంటుంది. బండి మాత్రం న్యూట్రల్‌లో ఉన్నట్టే. ఇందులో నా తప్పు కూడా ఉంది. ఆయిల్ నిండుగా ఉందని స్టేట్‌మెంట్‌లో చదివి, పొద్దున నేను పుల్ల లాగలేదు."

"మాటలు కోర్టులో చెల్లవు మేడమ్."

"అందుకే ర్యాంపు."

బండిని ర్యాంపు మీదకి దించారు. కూత వీధంతా వినిపించింది. వెనక చక్రాలకి మూడు అడుగుల దూరంలో చెక్క దిమ్మలు పెట్టారు. ఇంజన్ ఆపి పావుగంట ఆగారు. ఎవర్నీ వెనక నిలబడనివ్వలేదు. ఇన్‌స్పెక్టర్ తనే స్టీరింగ్ దగ్గర కూర్చుంది. ఎస్సైని పక్కన కూర్చోమంది.

"లీవర్ ఎక్కడుంది?"

"డిలో."

"గట్టిగా చెప్పండి. అందరికీ వినపడాలి."

"డిలో ఉంది!"

హ్యాండ్ బ్రేకు దించింది. బ్రేకు మీంచి కాలు తీసింది. యాక్సిలరేటర్ తొక్కింది.

ఇంజన్ గట్టిగా అరిచింది. బండి వెనక్కి కదిలింది. ఒకటి. రెండు. మూడు. దిమ్మలకి ధన్ మని కొట్టుకుంది. నాలుగో క్షణంలో గేరు పట్టుకుని బండి ఎగిరిపడినట్టు ముందుకి దూకింది.

ఎస్సై డ్యాష్‌బోర్డు పట్టుకున్నాడు.

రెండు లీటర్ల ఆయిల్ పోశారు. మళ్ళీ అదే చోట నిలబెట్టారు. అదే డి. అదే కాలు. ఈసారి బండి అంగుళం కూడా వెనక్కి రాలేదు. నిమ్మళంగా ర్యాంపు ఎక్కి వీధిలో నిలబడింది.

లాండ్రీ ఆవిడ ఆ పుల్లని ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. ఆయిల్ పోసేటప్పుడు తీసింది, పెట్టడం మర్చిపోయింది. వంపు తిరిగిన చోట చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు. సగం అరిగిపోయాయి.

"ఏం రాసుంది మేడమ్ ఇక్కడ?"

ఇన్‌స్పెక్టర్ చదివి కళ్ళజోడు తీసేసింది.

"చెప్పండి. నేను వినగలను."

"ఇంజన్ తిరుగుతుండగా చూడాలని."

ఆమె తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

"రోజూ తుడిచాను," అంది. "ఈ అక్షరాల మీదే తుడిచాను."

*

స్టేషన్. నాలుగూ ఐదు.

ఇన్‌స్పెక్టర్ 'లేదు' కొట్టేసింది. సంతకం పెట్టింది.

"హత్య సెక్షన్ తీసేస్తున్నాను," అన్నాడు ఎస్సై. "నిర్లక్ష్యంగా తోలిన కేసు ఉంటుంది, అది తప్పదు. జామీను మీద ఇప్పుడే పంపిస్తాను." పెన్ను తీశాడు. "ఆయిల్ ఎవరు చూసేవాళ్ళని రాయను?"

"నా ఫారంలో ఆ గడి లేదు. పైపు కారిందని రాశాను. అది నిజం."

కటకటాల తలుపు తీశారు. తమ్ముడు బయటికి వచ్చాడు. అక్కని చూశాడు. ఇన్‌స్పెక్టర్ని చూశాడు. ఏం తేలిందో ఆ మొహాల్లోనే తెలిసిపోయింది.

"వదిలేయమన్నానుగా మేడమ్," అన్నాడు. తర్వాత గబగబా అక్క వైపు తిరిగాడు. "పైపు కారిందక్కా. అంతే. పైపుదే తప్పు. ఆయిల్‌ది కాదు."

"నీకు తెలుసా?" అంది అక్క.

"ఏంటి?"

"ఇంజన్ ఆన్‌లో ఉండగా చూడాలని. నీకు తెలుసా?"

వాడు తల తిప్పుకున్నాడు.

"అడుగుతున్నానా!"

"నిన్న సాయంత్రం బంకులో ఒక డ్రైవర్ చెప్పాడు. పొద్దున బావకి చెబుదామనుకున్నాను. బావ నవ్వుతున్నాడు. 'మీ అక్క చూసిందిరా, మీ అక్క మాట మీద కూడా నమ్మకం లేదా' అన్నాడు. అప్పుడే నువ్వు మూట ఎత్తుకుని ఇస్త్రీ గదిలోంచి వచ్చావు. నీ ముందు ఎలా అనను? ఒక ట్రిప్ వేసొచ్చి నేనే చూసి పోసేద్దామనుకున్నాను. నీకు తెలియకుండా."

"తెలిసీ, నువ్వు చంపావని వాళ్ళంటుంటే ఊరుకున్నావా? నేనూ నమ్మానురా. పొద్దుట్నుంచీ నేనూ నమ్మాను. నువ్వే చంపావని."

"నమ్మితే నమ్మావు. నువ్వు ఆయిల్ తప్పుగా చూశావని నీకు తెలియడం కన్నా అదే నయం అనుకున్నాను."

ఆమె చెయ్యి లేచింది. వాడి చెంప మీద ఫట్ మని తగిలింది. కానిస్టేబుల్ ఒక అడుగు ముందుకి వేశాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

కొట్టిన చెయ్యి వెనక్కి రాలేదు. ఆ చెంప మీదే ఉండిపోయింది. ఆమె తల వాడి భుజం మీద వాలింది. పొద్దున ఆరు నలభై నుంచీ ఆగి ఉన్న ఏడుపు అప్పుడు మొదలైంది.